నాన్నగారి గుండె పరీక్షల్లో 52, 60, 76 అని వచ్చింది: ఈ అంకెలను ఎలా చదువుకోవాలి?

ప్రశ్న: లంకతోట

అందరికీ నమస్కారం. మాది అమలాపురం దగ్గర ఒక లంక గ్రామం. మా నాన్నగారికి 62 ఏళ్లు. కొబ్బరితోట, కాస్త వరిచేను చూసుకుంటూ పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటారు. ఎనిమిదేళ్లుగా బీపీ ఉన్నందున రోజూ ఉదయం మెటోప్రొలాల్ 50 మిల్లీగ్రాముల బిళ్ల వేసుకుంటారు. గుండెలో నొప్పి గానీ, ఆయాసం గానీ ఎన్నడూ లేవు. కిందటి నెల మా పెదనాన్నగారికి స్టెంటు వేయడంతో ఇంటిల్లిపాదికీ భయం పట్టుకుని, ఆయన వద్దంటున్నా వినకుండా కాకినాడ తీసుకెళ్లి పరీక్షలు చేయించాము.

రిపోర్టులు చేతికందేసరికి డాక్టరుగారు వెళ్లిపోయారు. ఈసీజీలో గుండె వేగం నిమిషానికి 52, ‘సైనస్ బ్రాడీకార్డియా’ అని ఉంది. ఎకోలో (గుండె స్కానింగులో) ‘ఈఎఫ్ 60 శాతం, గ్రేడ్ 1 డయాస్టోలిక్ డిస్‌ఫంక్షన్’ అని రాశారు. ట్రెడ్‌మిల్ మీద ఆరు నిమిషాలు నడిచి, కాళ్లు లాగుతున్నాయని నాన్నగారే ఆపించేశారు. అప్పటికి వేగం 120, అంటే గరిష్ఠంలో 76 శాతమని, ఫలితం ‘ఇన్‌కన్‌క్లూజివ్’ అని వచ్చింది. గుండె 60 శాతమే పనిచేస్తోందంటే మిగిలిన 40 శాతం దెబ్బతిన్నట్టేనా? అమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు. తెలిసినవారు చెప్పగలరు.

జవాబు 1: గళ్లకాగితం

నేను డాక్టరును కానండి. రాజమహేంద్రవరంలో 19 ఏళ్లుగా ఈసీజీ, ట్రెడ్‌మిల్ పరీక్షలు చేస్తున్న టెక్నీషియన్‌ను. ముందుగా అమ్మగారికి అన్నం పెట్టండి. ఈఎఫ్ అనేది నూటికి వేసే మార్కు కాదు. గుండెలోని ఎడమ జఠరిక రక్తంతో నిండినప్పుడు అందులో 120 మిల్లీలీటర్లు ఉందనుకుంటే, ఒక్కసారి ముడుచుకుని 72 మిల్లీలీటర్లు బయటికి నెట్టడాన్నే 60 శాతం అంటారు. ఎంత ఆరోగ్యవంతుడి గుండె అయినా పూర్తిగా ఖాళీ కాదు. సుమారు 55 నుంచి 70 వరకు ఉంటే మామూలే. మా దగ్గరకు వచ్చేవారిలో చదువుకున్నవారు కూడా ఈ అంకె చూసి, పిల్లవాడి ప్రోగ్రెస్ కార్డు చూసినట్టు దిగులుపడతారు. గ్రేడ్ 1 అన్నది ముడుచుకున్న కండరం మళ్లీ సడలడంలో కొంచెం నిదానం వచ్చిందని చెప్పే మాట. అరవై దాటి, ఏళ్లుగా బీపీ ఉన్నవారిలో తరచుగా కనిపిస్తుంది. బీపీని అదుపులో ఉంచుకోవాలని మాత్రం అది గుర్తుచేస్తుంది.

ఇక 52 సంగతి. ఈసీజీ కాగితం సెకనుకు 25 మిల్లీమీటర్ల చొప్పున కదులుతుంది కాబట్టి, ఒక నిటారు కొన నుంచి తరువాతి కొన వరకు ఉన్న చిన్న గళ్లను లెక్కపెట్టి, 1500ను ఆ సంఖ్యతో భాగిస్తే గుండె వేగం వస్తుంది. మీ కాగితంలో దాదాపు 29 గళ్లు ఉంటాయి, చూడండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 వరకు మామూలు అంటారు. అంతకు తగ్గితే బ్రాడీకార్డియా అని రాస్తారు. ‘సైనస్’ అంటే స్పందన పుట్టవలసిన చోటే పుడుతోందని అర్థం. మెటోప్రొలాల్ చేసే పనే గుండె వేగాన్ని తగ్గించడం, పైగా మీ నాన్నగారిది కష్టపడే ఒళ్లు. కళ్లు తిరగడం, స్పృహ తప్పడం లేనంతవరకు 52 అన్న అంకెను చూసి హడలిపోనక్కరలేదు.

ట్రెడ్‌మిల్ రిపోర్టే ఇందులో అసలు ఆలోచించవలసినది. 220 నుంచి వయసు తీసేస్తే వచ్చే 158ని ఆయన గుండె గరిష్ఠ వేగంగా లెక్కిస్తారు. అందులో 85 శాతం, అంటే 134 దాటితేనే పరీక్ష సరిగా జరిగిందని సాధారణంగా లెక్కిస్తారు. నాన్నగారు 120 దగ్గరే ఆగిపోయారు కాబట్టి, గుండెనాళాల్లో అడ్డు ఉందనీ చెప్పలేరు, లేదనీ చెప్పలేరు. ‘ఇన్‌కన్‌క్లూజివ్’ అన్న మాటకు అర్థం అంతే. ఆ రోజు ఉదయం బిళ్ల వేసుకునే వెళ్లారా? అది వేగాన్ని పెరగనివ్వదు. పైగా ఆ యంత్రం మూడేసి నిమిషాలకు వేగంతో పాటు వాలు కూడా పెంచుతుంది. మన డెల్టాలో కాలువ వంతెన తప్ప ఎక్కుడు ఎరగని కాళ్లు లాగక ఏమవుతాయి!

జవాబు 2: చెరువుగట్టు

మా అమ్మగారిది దీనికి తిరగబడిన కథ. భీమవరంలో చూపిస్తే కూర్చున్నచోటే 112 ఉండేది. గుండెజబ్బే అనుకున్నాము, ఎకో బాగానే ఉంది, చివరికి రక్తపరీక్షలో థైరాయిడ్ ఎక్కువగా ఉందని తేలింది. మీరు ఆ బిళ్ల రెండు రోజులు ఆపి మళ్లీ ట్రెడ్‌మిల్ చేయిస్తే సరిపోతుంది కదా?

జవాబు 3: గళ్లకాగితం

చెరువుగట్టు గారూ, దయచేసి అలా చెప్పకండి. ఏళ్ల తరబడి వాడుతున్న ఆ రకం బిళ్లను ఉన్నట్టుండి ఆపేస్తే బీపీ, గుండె వేగం ఒక్కసారిగా ఎగదన్నవచ్చు. గుండెనాళాల్లో అడ్డు ఉన్నవారికి అది ప్రాణం మీదికి తెస్తుంది. పరీక్ష కోసం తగ్గించాలా, ఎన్ని రోజుల్లో తగ్గించాలా, లేక బిళ్ల అలాగే ఉంచి వేరే పరీక్ష చేయాలా అన్నది డాక్టరుగారే నిర్ణయించాలి. ఈలోగా ఛాతీలో బరువు, చెమటలు, ఎడమచేతికి గానీ దవడకు గానీ పాకే నొప్పి వస్తే రిపోర్టులు వెతుక్కుంటూ కూర్చోకుండా 108కి ఫోన్ చేయండి.

లంకతోట

ఆలస్యంగా రాస్తున్నందుకు క్షమించండి. మీరు ఊహించినట్టే ఆ రోజు తెల్లవారుజామున బిళ్ల వేసుకునే బయలుదేరారు. పైగా తోలుచెప్పులతో యంత్రమెక్కి, పక్కనున్న కడ్డీని రెండు చేతులా పట్టుకుని నడిచారు. గురువారం డాక్టరుగారిని కలిశాము. కాగితం మీద గళ్లు నేనే లెక్కపెట్టి 29 అంటే ఆయన నవ్వారు. బిళ్లను ఏ రోజు ఎంత తగ్గించాలో రాసిచ్చి, మధ్యలో బీపీ చూపించుకోమని, రెండు వారాల తరువాత మళ్లీ ట్రెడ్‌మిల్‌కు రమ్మన్నారు. రోజూ నడిచే నడక మానవద్దని, ఈసారి బూట్లు వేసుకుని రమ్మని చెప్పారు. అమ్మ అన్నం తింటోంది. నాన్నగారు అన్నింటికీ ఒప్పుకున్నారు గానీ, బూట్లు కొనడానికి మాత్రం ఇంకా ఒప్పుకోలేదు.