ఆజాద్‌లో ఉన్నది ఏ 'జా'?

కృష్ణాతీరం:
ఒక సంభాషణ సగమే గుర్తుండి వేధిస్తోంది. 1921లో సహాయ నిరాకరణలో దొరికిన 15 ఏళ్ళ కుర్రాణ్ణి బనారస్‌లో మేజిస్ట్రేటు ముందు నిలబెట్టారు. పేరేమిటంటే 'ఆజాద్' అన్నాడు. ఇల్లెక్కడంటే 'జైలు' అన్నాడు. మధ్యలో తండ్రి పేరు అడిగినప్పుడు ఏమన్నాడు? 'స్వతంత్రం' అనా, 'స్వాతంత్ర్యం' అనా, 'స్వాధీనం' అనా? మూడూ ఎక్కడో చదివినట్టే ఉంది. ఇంకో చిన్న సందేహం కూడా. బడిలో మేమంతా ఆజాద్‌ను 'జాతి'లో జాతోనే పలికేవాళ్ళం. మా ఆఫీసులో ఒక లక్నో ఆయన అది తప్పన్నారు. తెలుగులో రాసేది ఒకటే జ కదా, ఎలా పలకాలి?

ఓరుగల్లు పోరడు:
'స్వతంత్ర'. మా సోషల్ సారు ఈ పాఠం చెప్పినప్పుడల్లా లేచి నిలబడి చెప్పేవారు, అందుకే బాగా గుర్తుంది. ఆ జవాబులకు 15 బెత్తం దెబ్బలు వేశారు. చంద్రశేఖర్ తివారీ చంద్రశేఖర్ ఆజాద్ అయింది ఆ రోజే.

సూరి అభిమాని:
తండ్రి పేరు సంగతి హిందీ వాళ్ళు తేల్చాలి. ఆ కోర్టులో నడిచిన మాట తెలుగు కాదు, మనం చదివిన మూడు రూపాలూ మూడు అనువాదాలు అయ్యుండొచ్చు. జ సంగతి మాత్రం మన ఇంటిది. చిన్నయసూరి సూత్రం మీకందరికీ తెలిసిందే: సంస్కృత సమాలను, అంటే సంస్కృతం నుంచి మారకుండా వచ్చిన తత్సమాలను, పక్కన పెడితే అ, ఆ, ఉ, ఊ, ఒ, ఓల ముందు చ, జలు దంత్యాలు, అంటే నాలుక పళ్ళకు తగిలి పలికేవి, రాతలో ౘ, ౙ. ఆజాద్ సంస్కృతం నుంచి రాలేదు, జ తర్వాత ఆ ఉంది. కాబట్టి ౙాము, ౙాలి, ౙొన్న, ౙున్ను ఎలాగో ఇదీ అలాగే, 'ఆౙాద్'. జాతిలో జాతో పలకడమంటే దానికి తత్సమ మర్యాద ఇవ్వడమే.

చార్మినార్ చాయ్:
సూత్రం బాగుంది సార్, కానీ ఉర్దూలో అది ఇంగ్లీషు 'జెడ్' లాగా పలికే 'జే' అక్షరం. నాలుక పళ్ళను తాకి ఆగదు, గాలి జారిపోతుంది. మీ ౙాములో మొదట నాలుక తగిలి తర్వాత వదులుతుంది. రెండూ ఒకటి కాదు.

సూరి అభిమాని:
పదం మొదట్లో ఒకటి కాదు, ఒప్పుకుంటాను. రెండు అచ్చుల మధ్య? 'రాౙు' అని తొందరగా అనండి, నాలుక ఎక్కడైనా ఆగుతోందా? 'రోజు' మీ పార్సీ 'రోజ్' నుంచే వచ్చింది. మా అమ్మమ్మ ఉర్దూ అక్షరం ముక్క ఎరగదు, ఆమె 'ఆ రోౙు' అంటే మీకే తేడా దొరకదు. ఆజాద్‌లో జా కూడా రెండు అచ్చుల మధ్యే ఉంది.

చార్మినార్ చాయ్:
రోజు విషయంలో మీ మాటే నిజం. ఖజానా, తాజా, మజా కూడా తెలుగు నోట్లో బాగానే పలుకుతాయి. జాతిలో ఉన్న తాళవ్య జతో పలికితేనే మాకు చెవిలో గుచ్చుకుంటుంది.

ఇంకో మాట. ఈ పేరున్న పెద్దవాళ్ళను వరుసగా చూడండి. మౌలానా అబుల్ కలాం ఆజాద్ 1888లో మక్కాలో పుట్టినప్పుడు పెట్టిన పేరు మొహియుద్దీన్ అహ్మద్. 'ఆజాద్' చిన్న వయసులో కవిత్వం రాస్తూ తీసుకున్న తఖల్లుస్. ఢిల్లీలో ఉర్దూ కవి జౌక్ శిష్యుడైన ముహమ్మద్ హుసేన్ ఆజాద్‌కీ అది కలం పేరే. ఆయన తండ్రి, పత్రికా సంపాదకుడు మౌల్వీ బాకర్‌ను 1857లో ఇంగ్లీషు వాళ్ళు చంపేశారు. కొడుకు గురువుగారి గజళ్ళ కట్ట పట్టుకుని ఢిల్లీ వదిలి వెళ్ళిపోయాడు. ఇక్బాల్ మీద జీవితమంతా పనిచేసిన జగన్నాథ్ ఆజాద్‌దీ తఖల్లుసే. 1983 ప్రపంచకప్పు సెమీఫైనల్లో బోథమ్‌ను బౌల్డ్ చేసిన కీర్తి ఆజాద్ దగ్గరికి వచ్చేసరికి అది ఇంటిపేరైంది, తండ్రి భగవత్ ఝా ఆజాద్ నుంచి వచ్చింది. మన దేశంలో ఈ మాట ఎక్కువగా మనిషి ఎదిగాక తనకు తానే పెట్టుకున్న పేరు. అందుకే దాన్ని సరిగ్గా పలకాలని నాకంత పట్టుదల.

బెర్లిన్ తెలుగమ్మాయి:
కుర్దుల్లో దీనికి పూర్తిగా తలకిందులు! వాళ్ళలో ఆజాద్ అంటే ఉయ్యాల్లో పెట్టే పేరు. మా వీధిలో కూరగాయల కొట్టు నడిపే ఆయన టర్కీలోని దియార్‌బకిర్ నుంచి వచ్చారు, ఆయన కొడుకు ఆజాద్. ఇక్కడి కుర్రాళ్ళకు ఆ పేరు చెప్తే ముందు గుర్తొచ్చేది రాపర్ ఆజాద్. ఇరాన్‌లోని సనందజ్‌లో పుట్టి, ఫ్రాంక్‌ఫర్ట్‌లో పెరిగి, 2007లో జర్మనీ చార్టుల్లో ఒకటో స్థానానికి వెళ్ళిన కుర్దు.

మీ జ గొడవకు అక్కడ అసలు చోటే లేదు. జలాదత్ బెదిర్‌ఖాన్ 1932లో డమాస్కస్ నుంచి 'హావార్' పత్రిక మొదలుపెట్టి కుర్దు భాషలో ఒక రూపమైన కుర్మాంజీని రోమన్ లిపిలో రాయడం స్థిరపరిచాడు. మన తాళవ్య జకు 'సీ' అక్షరం. ఫ్రెంచి వాళ్ళ 'జే' లాంటి మెత్తటి ధ్వనికి 'జే'. ఆజాద్‌కి 'జెడ్'. మూడింటికీ మూడు అక్షరాలు. మనం మాత్రం మూడింటినీ ఒక్క జలో కుక్కుతాం. 2022 సెప్టెంబరులో ఇరాన్‌లోని సఖెజ్ అమ్మాయి జీనా మహసా అమీనీ చనిపోయినప్పుడు వినిపించిన 'స్త్రీ, జీవితం, స్వేచ్ఛ' అనే కుర్దు నినాదాన్ని తెలుగులో 'జిన్, జియాన్, ఆజాదీ' అని రాశారు. మొదటి రెండూ ఒక ధ్వని, మూడోది వేరే ధ్వని. తెలుగులో చదివితే ఆ తేడా పోయింది.

సీమ మాట:
చివరి 'ద్' గురించి ఎవరూ మాట్లాడటం లేదే? టర్కీలో ఆ పేరు 'అజాత్' అని విన్నాను.

బెర్లిన్ తెలుగమ్మాయి:
అవునండీ, టర్కిష్‌లో పదం చివర ద నిలవదు, త అవుతుంది. అహ్మద్ అహ్మెత్ అయినట్టు ఆజాద్ అజాత్. అక్కడ ఆ మాటకు ముఖ్యంగా బానిసను విడిచిపెట్టడం అనే అర్థం. అంటే ఎవరో వదిలితే వచ్చే విడుదల. కుర్దు తల్లిదండ్రులు చివర ద కావాలని ఎందుకు పట్టుబడతారో దీన్నిబట్టి ఊహించుకోండి. 1928 లిపి చట్టం లెక్కలో క్యూ, డబ్ల్యూ, ఎక్స్ అక్షరాలు టర్కిష్‌లో లేవు కాబట్టి, అవి ఉన్న కుర్దు పేర్లు నమోదు చేయించుకోవడానికి ఎందరో ఏళ్ళ తరబడి ఆఫీసుల చుట్టూ, కోర్టుల చుట్టూ తిరిగారు. ఆజాద్‌లో ఆ మూడూ లేవు. గొడవంతా ఆ ఒక్క ద దగ్గరే.

సూరి అభిమాని:
అమ్మాయీ, నీ నినాదంతో నాకు పెద్ద మేలు చేశావు. 'జిన్' అంటే స్త్రీ కదా, వేదంలో 'జని' అంటే స్త్రీయే. 'జియాన్' మన 'జీవ' ధాతువు. ఇక 'ఆజాద్' పాత ఇరానీ భాషలో 'ఆజాత', ఆ అనే ఉపసర్గ, జన్ ధాతువు. సంస్కృతంలో అక్షరాలా 'ఆజాత'. వంశంలో పుట్టినవాడు, కలిగిన ఇంటివాడు అని మొదటి అర్థం. బానిస కానివాడు అన్నది దాని నుంచి వచ్చింది. కుర్దు 'జెడ్'కు సంస్కృతంలో జ వచ్చే చోట్లు ఇంకా ఉన్నాయి. వాళ్ళ భాషలో అల్లుడు 'జావా', మనకు జామాత. తెలుసుకోవడం 'జానీన్', మనకు జ్ఞానం. మూలభాషలో రెండు వేరు ధ్వనులు. కుర్దు వాటిని విడిగా కాపాడింది, సంస్కృతం రెండింటినీ జలో కలిపేసింది. తెలుగు పత్రికలు ఆ నినాదాన్ని మూడు జలతో రాసి తెలియకుండానే సంస్కృతం చేసిన పనే చేశాయి.

ఓరుగల్లు పోరడు:
మాస్టారూ, అయితే మీ మొదటి వాదం ఏమైనట్టు? ఆజాద్‌లో జా, జాతిలో జా ఒకే ధాతువైతే కృష్ణాతీరం గారు బడిలో పలికిందే మూలానికి దగ్గర!

సూరి అభిమాని:
కాదు. తోబుట్టువులైనంత మాత్రాన తెలుగులోకి ఒకే తోవన రాలేదు. జాతి సంస్కృతం చెయ్యి పట్టుకుని వచ్చింది, ఆజాద్ పార్సీ తోవలో వచ్చింది. సూరి చూసేది ఏ తోవన వచ్చిందనే. 'యామం' సంస్కృతమే, అయినా మన నోట పడి 'ౙాము' కాలేదా?

ఓరుగల్లు పోరడు:
నాకు అర్థం దగ్గరే అభ్యంతరం. 'కలిగిన ఇంట పుట్టినవాడు' అనే మూలాన్ని ముందుకు తెస్తే చంద్రశేఖర్ ఆజాద్ మాట అడ్డం తిరుగుతుంది. భాబ్రాలో పేదింట పుట్టిన పిల్లవాడు తండ్రి పేరే మార్చి చెప్పాడంటే, పుట్టుకతో వచ్చింది నాకేమీ లేదని కదా! మా పక్క ఈ మాటకు ఇంకో నీడ కూడా ఉంది. 1947-48లో 'ఆజాద్ హైదరాబాద్' అంటే ఇండియన్ యూనియన్‌లో కలవకుండా నిజాం కిందే ఉండటం. ఆ 'ఆజాద్' కింద ఉండలేమన్నందుకే దాశరథి లాంటివాళ్ళు జైలుకు పోయారు. ఒక్క మాట, ఒకరికి విముక్తి, ఇంకొకరికి సంకెల.

సీమ మాట:
దాశరథి పేరు ఎత్తారు కాబట్టి అడుగుతున్నా. నిజామాబాద్ జైలు గోడ మీద బొగ్గుతో రాసిన పద్యంలో 'కోటి రతనాల వీణ'నా, 'కోటి రత్నాల వీణ'నా? సభల్లో అందరూ రతనాల అంటారు.

సూరి అభిమాని:
రత్నాల. అది తేటగీతి, గణాలు వేసి చూడండి. 'నా తె' సూర్యగణం, 'లంగాణ' త గణం, 'కోటి ర' ర గణం. పక్కన త్నా ఉంది కాబట్టి ర గురువైంది. తర్వాత 'త్నాల', 'వీణ' రెండు సూర్యగణాలు. యతి కూడా నా, త్నా చక్కగా కలిశాయి. రతనాల అంటే నాలుగో గణం 'తనాల' జ గణమై కూర్చుంటుంది, తేటగీతిలో దానికి చోటు లేదు.

ఓరుగల్లు పోరడు:
గణాలు సరే మాస్టారూ. కానీ జనం నోట్లో అది పద్యపాదంగా కాదు, నినాదంగా బతుకుతోంది. నినాదానికి రతనాల సాగుతుంది. ఊరేగింపులో రత్నాల అని అరిచి చూడండి, గొంతు మధ్యలో పట్టేస్తుంది.

సూరి అభిమాని:
ఊరేగింపుకు అడ్డు చెప్పను. అచ్చువేసేటప్పుడు మాత్రం కవి రాసినట్టే వెయ్యాలి. జైల్లో కాగితం కూడా లేక గోడ మీద రాస్తూ కూడా యతి తప్పనివాడికి మనం ఆ మాత్రం చెయ్యాలి. ఆ పద్యంలోనే 'రాజు' కూడా ఉంది. అది ఏ జతో చదువుతారు?

ఓరుగల్లు పోరడు:
రాౙు అనే చదువుతాం. అందులో తగాదా లేదు.

చార్మినార్ చాయ్:
అర్థం మీద పోరడు అన్నతో నేను సగమే కలుస్తాను. పుట్టుకకూ, ఎవరో విడుదల చేయడానికీ సంబంధం లేని మూడో అర్థం ఒకటుంది, కవులకు ఇష్టమైనది అదే. పార్సీ కవి సాదీ గులిస్తాన్‌లో ఒక జ్ఞానిని అడుగుతారు: దేవుడు ఇన్ని చెట్లు చేశాడు, పండు ఇవ్వని సర్వు (సైప్రస్) చెట్టునే 'ఆజాద్' అంటారెందుకు? పండ్ల చెట్టుకు ఒక రుతువుంది, ఆ రుతువులో పచ్చగా, మిగతా కాలం మోడుగా ఉంటుంది. సర్వుకు ఆ బాధ లేదు, ఎప్పుడూ ఒకేలా ఉంటుంది, ఆజాదుల లక్షణం అదేనంటాడు ఆయన. గాలిబ్ తనను 'ఆజాదా-రౌ' అని చెప్పుకుని, నాకు ఎవరితోనూ శత్రుత్వం లేదన్నదీ ఈ అర్థంలోనే.

మన దక్కనులో ఈ పేరు పెట్టుకున్న గులాం అలీ ఆజాద్ బిల్‌గ్రామీని మాత్రం ఎవరూ తలచుకోలేదు. 1704లో అవధ్‌లోని బిల్‌గ్రామ్‌లో పుట్టి, ఔరంగాబాద్‌లో స్థిరపడి, అసఫ్‌జాహీల కొలువు పక్కనే ఉండి, అరబ్బీలో హిందూదేశాన్ని కీర్తించాడు. కవుల చరిత్ర రాసి దానికి 'సర్వ్-ఎ-ఆజాద్' అనే పేరు పెట్టాడు, అదే సాదీ చెట్టు. 1786లో పోయాడు, సమాధి ఖుల్దాబాద్‌లో ఉంది. ఔరంగజేబు, మొదటి నిజాం సమాధులు చూడటానికి వెళ్ళేవాళ్ళు ఆయన దగ్గర కూడా ఆగాలని నా కోరిక.

బెర్లిన్ తెలుగమ్మాయి:
సర్వు అర్థం చాలా బాగుంది, కానీ కుర్దు ఇళ్ళల్లో ఆ పేరు వెనకున్నది చెట్టు కాదు. 1925లో టర్కీలో షేక్ సయీద్ నడిపిన కుర్దు తిరుగుబాటు వెనక పనిచేసిన రహస్య సంఘం పేరు 'ఆజాదీ'. షేక్‌ను ఆ జూన్‌లో దియార్‌బకిర్‌లోనే ఉరితీశారు. ఆ ఊళ్ళో పిల్లవాడికి ఆజాద్ అని పెడితే ఎందుకు పెట్టారో ఎవరూ అడగరు. పోరడు అన్న చెప్పిన అర్థమే అక్కడ నడుస్తుంది.

కృష్ణాతీరం:
అందరికీ ధన్యవాదాలు, ఇంత వస్తుందనుకోలేదు. తండ్రి పేరు మాత్రం ఇంకా అక్కడే ఉంది. హిందీలో 'స్వతంత్ర' అన్నాడా, 'స్వతంత్రతా' అన్నాడా, 'స్వాధీన్' అన్నాడా?

ఓరుగల్లు పోరడు:
స్వతంత్ర. చెప్పాను కదా.

సీమ మాట:
మా వాచకంలో 'స్వాధీనం' అనే ఉండేది. పేరు అడిగితే పేరులా చెప్పాలి కదా, 'స్వాధీన్' అయితే మగవాడి పేరులా వినిపిస్తుంది. 'స్వతంత్రతా' అంటే తల్లి పేరవుతుంది.

సూరి అభిమాని:
లింగం గురించి ఆలోచించే పరిస్థితిలో లేడు ఆ పిల్లవాడు. సీమ మాట గారూ, ఆ వాచకం ఏ తరగతిది? అందులో ఆజాద్‌ను ఏ జతో అచ్చువేశారు? చ, జల మీద రెండంకె వేసిన ౘ, ౙలు బ్రౌన్ నిఘంటువులో వాడాడు. 2008లో యూనికోడ్‌లోకి కూడా వచ్చాయి. బడి పుస్తకాల్లో మాత్రం నాకు ఎక్కడా కనబడలేదు. మీ దగ్గర పుస్తకం ఉంటే ఆ పేజీ ఫోటో పెట్టండి.