జంతువుల నాటికలో పుస్తకం నిజంగా పనికొచ్చేలా ఎలా రాయాలి?

పలకబలపం:
నేను ప్రాథమిక పాఠశాల టీచర్‌ని. నవంబర్ 14 నుంచి 20 వరకు జరిగే గ్రంథాలయ వారోత్సవాలకు మూడు, నాలుగు తరగతుల పిల్లలతో చిన్న నాటిక వేయిస్తున్నాను. కాకి, ఉడుత, తాబేలు, కుందేలు స్నేహితులు. పెద్ద వాన పడి గుంటలో నీళ్లు ఎర్రటి బురదైపోతాయి, తాగడానికి పనికిరావు. కుందేలు ఒక పుస్తకం తెచ్చి చదువుతుంది, కష్టం తీరిపోతుంది. ఇంతవరకు చెప్పేసరికి ఉడుత వేషం వేసే పాప "ఆ పుస్తకంలో ఏముంది టీచర్?" అంది. ఆ ప్రశ్న నాకు చాలా నచ్చింది. ఇలాంటి కథలు ఎన్ని చూసినా పుస్తకం తెరవగానే సమస్య మాయమవుతోంది, పేజీలో ఏముందో ఎవరూ చెప్పడం లేదు. నాకు ఆ పేజీ కావాలి. పిల్లలు కళ్లారా చూసేదైతే ఇంకా మంచిది.

రేగుపండు:
కాకి, గులకరాళ్ల కథ పెట్టండి మేడమ్. అది కల్పన అనుకుంటాం గానీ, 2009లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు రూక్ అనే కాకి జాతి పక్షుల ముందు గొట్టంలో నీళ్లు పోసి, పైన పురుగు తేలేలా పెట్టారు. అవి రాళ్లు వేసి నీళ్లను పైకి తెచ్చి పురుగును తినేశాయి. పెద్ద రాళ్లు ఏరి మరీ వేశాయి.

కాలువగట్టు:
రేగుపండు గారూ, ప్రయోగం బాగుంది, కానీ ఆ పక్షులకు పుస్తకంతో పని పడలేదు. టీచర్ గారికి కావలసింది చదివితేనే తెలిసే సంగతి.

నేను శాఖా గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. మీ కథలో బురద నీళ్లు ఎలాగూ ఉన్నాయి కాబట్టి ఆ పేజీలో మునగ గింజ పెట్టండమ్మా. ముదిరి ఎండిన కాయలోంచి గింజలు తీసి, పైపొట్టు ఒలిచి, లోపలి తెల్లటి పప్పును మెత్తగా దంచాలి. బాగా బురదగా ఉంటే లీటరుకు ఒకటి రెండు గింజలు చాలు. ఆ పొడిని కాసిన్ని నీళ్లలో కలిపి, వడగట్టి, బురద నీళ్లలో పోయాలి. ముందు ఒక నిమిషం గబగబా, తర్వాత ఐదు పది నిమిషాలు మెల్లగా తిప్పి, గంటో రెండు గంటలో కదపకుండా ఉంచాలి. పాత రోజుల్లో ఏటి నీళ్లు తాగే ఊళ్లలో చిల్లగింజ అనే వేరే చెట్టు గింజను అరగదీసి ఇలాగే చేసేవాళ్లు.

ఎందుకలా జరుగుతుందో పిల్లలతోనే ఆడించవచ్చు. బురద రేణువులకు రుణ విద్యుదావేశం (మైనస్ ఛార్జ్) ఉంటుంది. అందుకే ఒకదాన్నొకటి నెట్టుకుంటూ కిందికి దిగవు. గింజలోని ప్రొటీన్‌కు ధనావేశం (ప్లస్ ఛార్జ్), అది వాటిని కలిపి ముద్ద కట్టిస్తుంది. ఎర్ర చొక్కాల పిల్లలు మోచేతులతో తోసుకుంటూ తిరుగుతుంటే, తెల్ల చొక్కా పిల్ల వచ్చి వాళ్ల చేతులు పట్టుకోవాలి. గుంపుగా మారగానే బరువెక్కి అందరూ కింద కూర్చోవాలి. స్టేజీ తేటపడుతుంది! మూడో తరగతి పిల్లలకు ఆవేశాల పేర్లు అక్కర్లేదు.

ఇంకో మాట. కుందేలు చదివి వినిపించగానే నీళ్లు తేరిపోకూడదు. మనుస్మృతి ఆరో అధ్యాయంలో ఉంది, చిల్లగింజ పేరు పలికినంత మాత్రాన నీళ్లు తేటపడవని. ఉడుత గింజలు ఒలవాలి, కాకి దంచాలి, తాబేలు తిప్పాలి. నాటిక మొదలవక ముందే ఒక గాజు సీసాలో నిజంగా కలిపి పక్కన పెట్టండి, ఆఖర్న చూపించవచ్చు.

పలకబలపం:
చదువుతుంటేనే ఒళ్లు పులకరించింది గురువుగారూ! మరి అడవిలోకి పుస్తకం ఎలా వస్తుంది?

కాలువగట్టు:
పడవలో. 1935లో గ్రంథాలయోద్యమ కార్యకర్త పాతూరి నాగభూషణం గారు గుంటూరు జిల్లాలో పడవనే గ్రంథాలయంగా చేసి కాలువ ఒడ్డు ఊళ్లకు పుస్తకాలు చేరవేశారు. మీ గుంట పక్కనుంచి ఒక కాలువ పారించండి. అట్టపెట్టెతో పడవ చేస్తే చాలు. గడువులోగా తిరిగి ఇచ్చేయాలని పడవవాడు కుందేలుకు చెప్పాలి, అది మర్చిపోవద్దు.

నీలిమందారం:
నేను నీటి పరీక్షల ల్యాబ్‌లో చేస్తాను. దయచేసి ఒక డైలాగ్ చేర్చండి. తేటగా కనిపించినంత మాత్రాన అవి తాగే నీళ్లు కావు. క్రిములు కొన్ని బురదతో పాటు దిగినా అన్నీ పోవు. పైతేట వంచుకుని మరగబెట్టాకే తాగాలి. పేజీ తిప్పి ఆ వాక్యం చదివే పని తాబేలుకు ఇవ్వండి. గింజలు మాత్రం విత్తనాల కొట్లో కొనకండి, వాటికి మందు పట్టించి ఉంటుంది. ఎవరి పెరట్లోనైనా చెట్టున ఎండిన కాయలు అడగండి.

పలకబలపం:
తాబేలుకు డైలాగ్ తక్కువైందని మా వాడు గొడవ పెడుతున్నాడు, ఇది వాడికే. ఎండు కాయల కోసం రేపు ప్రార్థన అయ్యాక పిల్లలందరినీ అడుగుతాను.