అప్‌డేట్: పీసీలో సౌండ్ సమస్య తీరింది

పాత సౌండ్ కార్డు పీకేసి మదర్‌బోర్డులోనే ఉండే ఆడియోకి మారాక పాటల మధ్యలో గరగర వస్తోందని, ఒక్కోసారి సౌండే పోతోందని అడిగాను కదా, తీరిపోయింది. అందరికీ థాంక్స్. పనిచేసింది, పాత కార్డు డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపించే సాఫ్ట్‌వేర్) ఇంకా దాగి ఉందేమో చూడమన్న సలహానే: విండోస్‌లో హార్డ్‌వేర్ లిస్ట్ చూపించే డివైస్ మేనేజర్‌లో వ్యూ మెనూకి వెళ్లి 'షో హిడెన్ డివైసెస్' నొక్కితే, ఎప్పుడో తీసేసిన కార్డు పేరు మసగ్గా ఇంకా అక్కడే ఉంది! దాన్ని అన్‌ఇన్‌స్టాల్ చేశాను; అలా చేసేటప్పుడు డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ని కూడా డిలీట్ చేయమనే టిక్ పెట్టండి, లేకపోతే ఆ ఫైళ్లు సిస్టమ్‌లోనే ఉండిపోతాయి. స్టార్టప్‌లో నడుస్తున్న ఆ పాత కార్డు ఈక్వలైజర్ (సౌండ్ టోన్ మార్చే) ప్రోగ్రామ్‌ కూడా తీసేసి, రీస్టార్ట్ చేసి, మదర్‌బోర్డు కంపెనీ సైట్‌లో నా మోడల్‌కి ఉన్న ఆడియో డ్రైవర్ వేశాను, అంతే. స్పీకర్లు, కేబుల్, బయోస్ (పీసీ ఆన్ చేయగానే నడిచే మదర్‌బోర్డు సాఫ్ట్‌వేర్) వీటికేం సంబంధం లేదు. మానిటర్ హెచ్‌డీఎంఐ ఆడియోని (మానిటర్ కేబుల్ ద్వారా వెళ్లే సౌండ్) డిసేబుల్ చేయక్కర్లేదు, స్పీకర్లని డిఫాల్ట్‌గా పెట్టుకుంటే చాలు.