మౌంటెన్ బైక్‌కి జీపీఎస్ కంప్యూటర్ చాలదా? స్పీడ్ సెన్సర్ కూడా బిగించాలా?

కొత్తచైన్: బండి 29 అంగుళాల హార్డ్‌టెయిల్ (వెనక షాక్ అబ్జార్బర్ లేనిది), టైరు 2.25. కొత్త జీపీఎస్ కంప్యూటర్ పెట్టెలో హబ్‌కి (చక్రం నడిమి భాగం) తగిలించే స్పీడ్ సెన్సర్ కూడా వచ్చింది. తిరిగేది హైదరాబాద్ ఖాజాగూడ రాళ్ల దగ్గర, వారాంతాల్లో అనంతగిరి అడవిలో. సెన్సర్ బిగించాలా, వద్దా?

హబ్‌వాలా: బిగించండి. జీపీఎస్ సెకనుకో చుక్క పెట్టి, చుక్కకీ చుక్కకీ మధ్య సరళరేఖ గీస్తుంది. మెలికల దారిలో ప్రతి మూలా కొంత కోసుకుపోతుంది. రాళ్ల మధ్య సిగ్నల్ బండలకి తగిలి తిరిగొస్తుంది కాబట్టి చుక్క పక్కకి జరుగుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు వేగం గంటకు 4 కిలోమీటర్లకి పడితే మీరు కదులుతున్నా ఆటో పాజ్ (బండి ఆగిందనుకుని రికార్డింగు ఆపే సెట్టింగు) ఆపేస్తుంటుంది. సెన్సర్ ఉంటే వేగం, దూరం చక్రం నుంచి వస్తాయి, మ్యాప్ మీద గీత మాత్రం జీపీఎస్ గీస్తుంది.

సెన్సర్ ముందు చక్రం హబ్‌కే కట్టండి. మొరం మీద వెనక చక్రం జారి తిరిగితే లేని దూరం లెక్కకొస్తుంది. బ్రేకు పట్టి ఈడ్చుకుపోతే ఉన్న దూరం పోతుంది.

రాళ్లదారి: అన్నా, లెక్క జేసి చెప్పురి. 3 మీటర్ల వ్యాసార్థం ఉన్న మూల, వేగం గంటకు 10 కిలోమీటర్లు. సెకనుకు నడిచేది 2.8 మీటర్లు, సరళరేఖ గీస్తే 2.7. పోయేది జానెడు గూడ లేదు. దీనికి సెన్సర్ ఎందుకు? రికార్డింగు ‘స్మార్ట్’ల (కొన్ని చుక్కలు వదిలేసే పద్ధతి) ఉంటే తీసి ప్రతి సెకనుకు పెట్టుకోవాలె. కంప్యూటర్ల ఎల్1, ఎల్5 అనే రెండు ఉపగ్రహ సిగ్నల్ బ్యాండ్లు ఉంటే రెండూ ఆన్ జెయ్యాలె. బ్యాటరీ జల్ది అయిపోతది, గంతే.

ఇంకోటి. సెన్సర్ నిజం జెప్పాల్నంటే చక్రం చుట్టుకొలత తెల్వాలె. రోడ్డు సైకిల్ 700×23 టైరుది 2096 మిల్లీమీటర్లు, ఈ తమ్ముని టైరుది 2290 దరిదాపుల ఉంటది. కంప్యూటర్ల ఆ రోడ్డు సైకిల్ అంకె అట్లనే ఉంచితే నూటికి ఎనిమిదిన్నర తక్కువ చూపిస్తది. ‘ఆటో’ల పెడితే ఆ అంకె యాడికెల్లి తెస్తది? జీపీఎస్ తానికెల్లే! మీరు తిట్టే జీపీఎస్సే మీ సెన్సర్‌కు గురువు.

పంక్చర్‌ప్యాచ్: అసలు కంప్యూటర్ బిగించే మౌంటు ఎక్కడ పెట్టారో చెప్పండి. హ్యాండిల్‌బార్ ముందుకి పొడుచుకొచ్చే మౌంటు అయితే పంక్చరుకి బండి తిరగేసినప్పుడు స్క్రీన్ నేలకి కొట్టుకుంటుంది. స్టెమ్ (హ్యాండిల్‌బార్‌ని బండికి కలిపే ముక్క) మీద పెట్టండి, కంప్యూటర్‌కి తాడు కట్టండి.

హబ్‌వాలా: @రాళ్లదారి, మీ లెక్క చుక్కలన్నీ సరైన చోట పడితేనే నిలుస్తుంది. చెట్ల కింద, బండల పక్కన పడవు. పైగా కంప్యూటర్ ఆ గీతని నునుపు చేస్తుంది, దూరం పోయేది అక్కడ. ఇక గురువు సంగతి. ఆకాశం బాగా కనిపించే నేరు రోడ్డు మీద జీపీఎస్ దూరం నమ్మదగిందే. ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) సర్వీసు రోడ్డు మీద ఆటోలో కొలవనిచ్చి, వచ్చిన అంకెని మాన్యువల్‌లో స్థిరం చేసేయాలి. పక్కన సోలార్ కప్పు ఉన్న సైకిల్ ట్రాక్ మీద మాత్రం వద్దు, కప్పు అడ్డం.

అదీ నమ్మకపోతే టేపుతో కొలవండి. రోజూ నడిపే గాలి పెట్టి, వాల్వు కిందకి తెచ్చి నేల మీద గీత గీయాలి. సీటు మీద కూర్చుని ఐదు చుట్లు నేరుగా దొర్లించి, మళ్లీ గీత గీసి, వచ్చిన దూరాన్ని ఐదుతో భాగించాలి. కూర్చోకుండా దొర్లిస్తే టైరు అణగదు, అంకె పెద్దదొస్తుంది.

ఎత్తులెక్క: దూరం కోసం ఇంత గొడవా! ఎక్కిన ఎత్తు ఎవరికీ పట్టదు. గాలి పీడనంతో ఎత్తు లెక్కగట్టే బారోమీటర్ రంధ్రం కంప్యూటర్‌కి ఎక్కడుందో చూసుకోండి, చాలావాటికి అడుగునే. చెమటో బురదో పూడితే ఎత్తు ఒకే అంకె దగ్గర ఆగిపోతుంది. పిన్ను పెట్టి పొడవకూడదు, మంచినీళ్లతో కడిగి ఆరనివ్వాలి. మన దగ్గర గాలి పీడనం ఉదయం పదికి ఎక్కువ, సాయంత్రం నాలుగుకి తక్కువ. తేడా 3-4 హెక్టోపాస్కల్స్. ఒక్కో హెక్టోపాస్కల్ తేడాకి ఎత్తులో సుమారు 9 మీటర్లు. బండి కదలకపోయినా సాయంత్రానికి సుమారు 30 మీటర్లు ఎక్కినట్టు చూపిస్తుంది. బయల్దేరే చోట తెలిసిన ఎత్తు ఇవ్వండి. ఉస్మాన్ సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, అంటే 545.6 మీటర్లు. కట్ట అంతకన్నా పైన ఉంటుంది, అది మర్చిపోవద్దు.

రాళ్లదారి: ఎత్తు ముచ్చట వేరే పోస్టుల వెట్టురి. @హబ్‌వాలా, స్ట్రావా యాప్‌ల సెగ్మెంటు, అంటే అందరి టైము పోల్చే దారి ముక్క, లెక్కగట్టేది జీపీఎస్ గీతతోనే. సెన్సర్‌తోని ఒక్క సెకను గూడ కలవదు. మరి దేనికి ఇంత ఆరాటం?

హబ్‌వాలా: దూరం గురించి మాట్లాడుతుంటే సెగ్మెంటు ఎందుకొచ్చింది?

రాళ్లదారి: ఎందుకంటే మన గ్రూపు నెల కిలోమీటర్ల పట్టికల సెన్సర్ ఉన్నోళ్లే పైన ఉంటున్నరు గనుక! ఒకే దారి, ఒకే గుంపు. మాకు 31, వాళ్లకు 34. వెనక చక్రానికి సెన్సర్ కట్టి ఇంట్ల ట్రైనర్ (సైకిల్‌ను కదలకుంట నిలిపే స్టాండు) మీద తొక్కినా కిలోమీటర్లు పడుతయి. గీత లేని కిలోమీటరును లెక్కల ఎట్ల వెడుతరు?

హబ్‌వాలా: అయితే ఆ మాట మొదటే అనాల్సింది. ట్రైనర్ కిలోమీటర్లు పట్టికలోంచి తీసేయండి, నాకేం అభ్యంతరం లేదు. దారి మీద మాత్రం నా చక్రం నిజంగా తిరిగిన దూరాన్ని మీ గీత కోసిందని నేనెందుకు వదులుకోవాలి?

రాళ్లదారి: మీ చుట్టుకొలత ఎవరు సరిచూసిన్రు? 2290 బదులు 2400 కొడితే ఎవలకు తెలుస్తది? గీత అందరికీ కనవడతది, అంకె మీ ఒక్కరికే.

పంక్చర్‌ప్యాచ్: పట్టికలో పేరు పక్కన చుట్టుకొలత కూడా రాయమనండి, అయిపోతుంది.

రాళ్లదారి: రాస్తరు. కొలిచిందెవరు?

కొత్తచైన్: నేను ఏ పట్టికలోనూ లేను అన్నా. సెన్సర్‌తో రెండు రబ్బరు బ్యాండ్లు వచ్చాయి, చిన్నదా పెద్దదా?

హబ్‌వాలా: మీ హబ్ లావుగా ఉంటే పెద్దది. కట్టాక చక్రం తిప్పి చూడండి, బ్యాండు డిస్క్ రోటర్‌కి (బ్రేకు పట్టే గుండ్రటి పళ్లేనికి) గానీ స్పోకులకి గానీ ఒరుసుకోకూడదు. ఆటో పాజ్ ఆపేయండి. @రాళ్లదారి, ఆదివారం టేపు నేను తెస్తాను, కొలిచేది మీరే.

రాళ్లదారి: గాలి గేజ్ గూడ తెండ్రి.