ఎస్‌ఏటీ రాయించాలా, ఏసీటీ రాయించాలా?

ప్రశ్న – ఫ్రిస్కో, టెక్సస్
నమస్కారమండీ. మా అమ్మాయి పదకొండో తరగతి. తన మనసంతా ఆస్టిన్‌లోని టెక్సస్ విశ్వవిద్యాలయం మీద ఉంది. అక్కడ ప్రవేశ పరీక్ష స్కోరు మళ్లీ తప్పనిసరని 2024లోనే ప్రకటించారు. అమెరికాలో కళాశాల ప్రవేశ పరీక్షలైన ఎస్‌ఏటీ, ఏసీటీ రెండింటి నమూనాలూ ఇంట్లో రాయించి చూశాను. ఎస్‌ఏటీలో 1310 వచ్చింది. ఏసీటీ మా అన్నయ్య కొడుకు వాడిన పుస్తకంలోంచి రాయిస్తే 26. రీడింగ్ (చదివి అర్థం చేసుకునే) విభాగంలో చివరి ఏడు ప్రశ్నలకు జవాబు గుర్తించే గుండ్రాలు నింపనే లేదు. ‘తెలియనివి వదిలెయ్యమ్మా’ అని చెప్పింది నేనే. నెగటివ్ మార్కుల భయంతో మేం అలాగే చదువుకున్నాం. తనకేమో ఏసీటీ మీదే ఇష్టం. ఏం చేయమంటారు?

జవాబు – ఎడిసన్, న్యూజెర్సీ
ముందు ఆ మాట వెనక్కి తీసుకోండి. ఈ రెండు పరీక్షల్లోనూ తప్పు జవాబుకు మార్కులు కోయరు. ఒక్క ప్రశ్న కూడా వదలకూడదు. ఆ పుస్తకం ఏ సంవత్సరానిదో కూడా చూడండి. పాత ఏసీటీ రీడింగ్‌లో 35 నిమిషాలకు 40 ప్రశ్నలుండేవి. 2025లో వచ్చిన కొత్త పద్ధతిలో 40 నిమిషాలకు 36. సైన్స్ ఇప్పుడు ఐచ్ఛికం, మొత్తం స్కోరులో కలవదు. లెక్కల్లో మాత్రం తొందర తప్పదు: 50 నిమిషాల్లో 45. ఎస్‌ఏటీలో 44 లెక్కలకు 70 నిమిషాలిస్తారు. మా అబ్బాయి ప్రతి లెక్కా రెండుసార్లు సరిచూసుకునే రకం, వాడికి ఎస్‌ఏటీయే కుదిరింది.

జవాబు – అట్లాంటా, జార్జియా
కళాశాలలు రెండింటినీ సమానంగానే చూస్తాయి. దయచేసి రెండింటికీ ఒకేసారి చదివించకండి. మా పెద్దదానికి ఒక వేసవంతా అలా పాడైంది. రాత్రి పదకొండింటికి బల్ల మీద తల వాల్చి నిద్రపోయేది. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

ప్రశ్న అడిగినవారు
ఇద్దరికీ ధన్యవాదాలు. పుస్తకం 2019 నాటిది! నిన్న ఉదయం కొత్త నమూనా రాయించాను. రీడింగ్ నాలుగు నిమిషాల ముందే ముగించింది. లెక్కల్లో చివరి ఐదూ ఊహించి నింపింది. 28 వచ్చింది. ఈ పరీక్షలు నడిపే రెండు సంస్థలు కలిసి ఇచ్చిన పోలిక పట్టికలో చూస్తే అది 1310తో సమానం! ఇక మార్కులను బట్టి తేల్చేదేమీ లేదు. ‘నాకు ఇదే బాగుంది నాన్నా, సైన్స్ కూడా రాస్తాను’ అంది. రాత్రే ఏసీటీకి ఫీజు కట్టాం. ఎస్‌ఏటీ పుస్తకాలు అటక మీద పెట్టేశాను.