ఇంధన ఖర్చు, నిర్వహణ ఖర్చు: రెండూ ఒకేసారి తగ్గించగలమా?

తూర్పుగాలి

ఒక విమానయాన సంస్థలో ఖర్చుల ప్రణాళిక చూస్తాను. మా దగ్గర ఒకే తగాదా మళ్లీ మళ్లీ వస్తోంది. ఇంధనం పొదుపు చేసే బృందం ఒక ప్రతిపాదన తెస్తే, అది ఇంజిన్లను అరగదీస్తుందని ఇంజినీరింగ్ విభాగం అడ్డుపడుతుంది. ఇంజినీరింగ్ వాళ్లు ఏదైనా అడిగితే, దానికి ఎంత ఇంధనం కాలుతుందో వీళ్లు లెక్క తీసి చూపిస్తారు. ఇద్దరూ కష్టపడేవాళ్లే, ఇద్దరి లెక్కలూ సరైనవే.

సంస్థను నడపడానికయ్యే మొత్తం ఖర్చులో ఇంధనానిది, ధరలను బట్టి, నాలుగో వంతు నుంచి మూడో వంతు దాకా ఉంటుంది. మరమ్మతులు, విడిభాగాలు, ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) కలిపి నిర్వహణ ఖర్చు రమారమి పదో వంతు. పెద్ద పద్దు ఇంధనమే కాబట్టి దాన్ని తగ్గించి, మరమ్మతుల ఖర్చు కొంత పెరిగినా సరిపెట్టుకోవాలన్నది నా అభిప్రాయం. రెండూ కలిసి తగ్గుతాయని సమావేశాల్లో చెప్పేవాళ్లను నేను నమ్మడం మానేశాను. తప్పయితే చెప్పండి, కానీ ఉదాహరణతో చెప్పండి.

హ్యాంగర్ దీపం

తూర్పుగాలి గారూ, ఉదాహరణ అడిగారు కాబట్టి గత వారం నా చేతులతో చేసిన పనే చెబుతాను. పద్దెనిమిదేళ్లుగా ఇంజిన్ల దగ్గరే ఉన్నాను.

రాత్రి ఆఖరి ప్రయాణం ముగిసి, ఇంజిన్ చల్లారాక కంప్రెసర్ కడుగుతాం. ఇంధనం పోయకుండా స్టార్టర్‌తోనే ఇంజిన్‌ను తిప్పుతూ, ముందు నుంచి నాజిల్‌తో నీళ్లు లోపలికి కొడతాం. కాసేపటికి వెనుక నుంచి నీళ్లు కారడం మొదలవుతుంది. మొదట వచ్చేది చిక్కని టీ రంగులో, జిడ్డుగా ఉంటుంది. వేళ్ల మధ్య రుద్దితే సన్నటి మట్టి గరగరలాడుతుంది. రన్‌వేల మీది దుమ్ము, పొగ, ఉప్పు, నూనె ఆవిరి కలిసి బ్లేడ్ల మీద పొరలా పేరుకుపోయిందన్నమాట. నీళ్లు తేటపడే దాకా కడిగి, తర్వాత ఇంజిన్ నడిపి ఆరబెడతాం.

ఆ పొర ఏం చేస్తుందో చూడండి. బ్లేడు నునుపు పోతే కంప్రెసర్ గాలిని సరిగా నొక్కలేదు. అదే థ్రస్ట్, అంటే ముందుకు నెట్టే బలం, రావాలంటే ఎక్కువ ఇంధనం కాల్చాలి. ఎక్కువ కాలిస్తే టర్బైన్ గుండా పోయే వాయువు వేడెక్కుతుంది. ఆ వేడికి ఒక గరిష్ఠ హద్దు ఉంది. టేకాఫ్‌లో వచ్చే వేడికీ ఆ హద్దుకూ మధ్య మిగిలిన తేడానే మేము ఈజీటీ మార్జిన్ అంటాం. అది సున్నాకు చేరితే ఇంజిన్‌ను రెక్క మీద నుంచి దింపి ఓవర్‌హాల్‌కు పంపాల్సిందే. ఒక్క కడుగుతో కొన్ని డిగ్రీలు తిరిగి వస్తాయి, ఇంధనం వాడకమూ తగ్గుతుంది, మంచి సందర్భాల్లో ఒక శాతం దాకా. ఆ లాభం శాశ్వతం కాదు. కొన్ని వందల ప్రయాణాల తర్వాత మళ్లీ కడగాలి.

ఇక్కడ మీ రెండు పద్దులూ ఒకే మురికి వల్ల పెరిగాయి, ఆ మురికి పోతే రెండూ తగ్గాయి. ఇలా ఒకే కారణం రెండు బిల్లులనూ పెంచే చోట్లు ఇంకా ఉన్నాయి. ముందు వాటిని వెతకండి. మీ సమావేశాల్లో కొట్లాడుకునేవన్నీ రెండో రకం పనులు, అంటే ఒక బిల్లు తగ్గితే ఇంకోటి పెరిగేవి.

ఎడమ సీటు

కెప్టెన్‌గా నా మాట. ఆ రెండో రకంలో అన్నిటికన్నా పెద్దది టేకాఫే. రన్‌వే పొడవుగా ఉండి, విమానం తేలికగా ఉన్నప్పుడు పూర్తి థ్రస్ట్ అవసరం ఉండదు. బయటి ఉష్ణోగ్రత ఉన్నదాని కంటే ఎక్కువని అనుకుని లెక్కించి, తక్కువ థ్రస్ట్‌తో బయల్దేరుతాం. ఈ పద్ధతిలో 25 శాతం దాకా తగ్గించే వీలుంది. ఇంజిన్‌కు ఇది చాలా మేలు, ఎందుకంటే అది అత్యధిక వేడికి గురయ్యేది టేకాఫ్‌లో ఆ కొద్ది నిమిషాలే. కానీ నెమ్మదిగా పైకెక్కుతాం, పలచటి గాలిలోకి చేరడం కాస్త ఆలస్యమవుతుంది. మొత్తంగా కొన్ని కిలోల ఇంధనం ఎక్కువే కాలుతుంది. ఇది దాచాల్సిన విషయం కాదు.

తూర్పుగాలి

నేను చెప్పింది ఇదే కదా! ఒక్కో టేకాఫ్‌కు ఐదు కిలోలు ఎక్కువ అనుకుందాం. రోజుకు ఆరు టేకాఫ్‌ల చొప్పున ఏడాదికి 2,190. అంటే ఒక్క విమానానికే దాదాపు 11 టన్నులు. యాభై విమానాలుంటే 550 టన్నులు. ఒక కిలో ఇంధనం కాలితే 3.16 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, ఆ లెక్క వేరే. ఈ అంకెను నేను పై అధికారుల ముందు ఎలా సమర్థించుకోవాలి?

హ్యాంగర్ దీపం

మీ 11 టన్నులను ఒప్పుకుంటాను. దాని పక్కన ఇంకో అంకె పెట్టండి.

సన్న కాయం ఉన్న (మధ్యలో ఒకే నడవ ఉండే) జెట్ గంటకు సుమారు రెండున్నర టన్నులు కాలుస్తుంది. రోజుకు పది గంటలు ఎగిరితే ఏడాదికి 9,125 టన్నులు. మీ 11 టన్నులు అందులో 0.12 శాతం. ప్రతిసారీ పూర్తి థ్రస్ట్‌తో వేడెక్కించిన ఇంజిన్‌లో టర్బైన్ బ్లేడ్ల కొసలు అరుగుతాయి, సీళ్లు వదులవుతాయి, కొసకూ చుట్టూ ఉండే కేసింగ్‌కూ మధ్య సందు పెరుగుతుంది. ఆ సందు గుండా పని చేయకుండా జారిపోయే వాయువు వల్ల వాడకం అర శాతం పెరిగినా ఏడాదికి 45 టన్నులు. పైగా ఆ నష్టం టేకాఫ్‌కు మాత్రమే పరిమితం కాదు, ఎగిరే ప్రతి నిమిషమూ ఉంటుంది, ఇంజిన్ దింపేదాకా ఉంటుంది.

మీ పట్టికలో ఈ రోజు కాలిన ఐదు కిలోలు కనిపిస్తాయి. మూడేళ్ల తర్వాత అరిగిన ఇంజిన్ కాల్చే ఇంధనం ‘ఇంధనం’ అనే పేరుతోనే కనిపిస్తుంది. దాన్ని ఎవరూ టేకాఫ్‌తో కలిపి చూడరు. నాకు బాధ కలిగించేది ఇదే. ఇంజిన్ ఒకటే, లెక్క రాసే చేతులు రెండు.

కౌలు లెక్క

విమానాల లీజు ఒప్పందాలు చదవడం నా పని. ఇద్దరూ వదిలేసిన సంగతి ఒకటి ఉంది. మీలో చాలామంది పనిచేసే సంస్థలు ఇంజిన్ మరమ్మతులకు ఎగిరిన గంటను బట్టి డబ్బు కడుతున్నాయి. 1962లో బ్రిస్టల్ సిడ్లీ వైపర్ ఇంజిన్‌కు మొదలైన పద్ధతి ఇది, ఇప్పుడు అంతటా ఉంది. దీని వల్ల విచిత్రమైన చిక్కు వస్తుంది.

విమానంలోని కంప్యూటర్‌కు ఇచ్చే కాస్ట్ ఇండెక్స్ అంటే, గంటకయ్యే ఖర్చును ఇంధనం ధరతో భాగిస్తే వచ్చే అంకె. సున్నా ఇస్తే ఇంధనం అతి తక్కువ కాలే వేగంలో పోతుంది. అంకె పెంచితే వేగం పెరుగుతుంది. గంటకింత అని కట్టేవాళ్లకు నెమ్మదిగా పోవడం ఖరీదైన పనిగా కనిపిస్తుంది, ఎందుకంటే పది నిమిషాలు ఆలస్యమైతే పది నిమిషాల మరమ్మతు బిల్లు పెరుగుతుంది. అందుకని వేగం పెంచి ఇంధనం ఎక్కువ కాలుస్తారు. నిజానికి స్థిరంగా సాగే ఆ పది నిమిషాల్లో ఇంజిన్ అరిగేది చాలా తక్కువ. అరుగుదలలో ఎక్కువ భాగం టేకాఫ్‌ల సంఖ్యను బట్టి ఉంటుంది. బ్లేడ్లను పట్టి ఉంచే డిస్కుల వంటి భాగాల ఆయుష్షును గంటల్లో కాకుండా సైకిళ్లలో (ఒక టేకాఫ్, ఒక ల్యాండింగ్ కలిపి ఒక సైకిల్) నిర్ణయించేది అందుకే.

ఒప్పందాల్లో సగటు ప్రయాణ సమయాన్ని బట్టి, తగ్గించిన థ్రస్ట్‌ను బట్టి రేటు సర్దే నిబంధనలు ఉంటాయి. సంతకం చేసేటప్పుడు వాటిని పట్టుబట్టి చదివేవాళ్లు తక్కువ. తూర్పుగాలి గారూ, మీ కాస్ట్ ఇండెక్స్‌లో గంట ఖర్చు ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి తవ్వి చూడండి.

వాయుపుత్రి

ఏరోనాటికల్ ఇంజినీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను. ఏపీయూ గురించి ఎవరూ ప్రస్తావించలేదు. నేల మీద ఉన్నప్పుడు తోకలోని ఆ చిన్న ఇంజిన్‌ను ఆపి, బయటి విద్యుత్తు, చల్లగాలి వాడితే రెండు ఖర్చులూ తగ్గవా?

ఎడమ సీటు

తగ్గుతాయమ్మా. సూటిగా లాభం వచ్చేది అక్కడే. సన్న కాయం విమానంలో ఏపీయూ గంటకు వంద కిలోలకు పైగా కాలుస్తుంది. రోజుకు ఆరు సార్లు, ఒక్కోసారి అరగంట ఆపగలిగితే మూడు గంటలు, అంటే రోజుకు 300 కిలోలు, ఏడాదికి 110 టన్నుల దగ్గరికి వస్తుంది. తూర్పుగాలి గారి 11 టన్నులతో పోల్చి చూడండి. ఏపీయూ ఓవర్‌హాల్ కూడా అంతే దూరం జరుగుతుంది.

అడ్డంకి మా చేతుల్లో లేదు. విమానం ఆగుతుంది, విద్యుత్తు తీగ తెచ్చే మనిషి వేరే విమానం దగ్గర ఉంటాడు. చల్లగాలి గొట్టం తగిలిస్తారు, కానీ అందులోంచి వచ్చే గాలి చాలదు. క్యాబిన్ ఉక్కపోతగా మారి, చంటిబిడ్డలు ఏడుస్తుంటే నేను ఏపీయూ వేయకుండా కూర్చోలేను. నేల మీది సిబ్బందికి కట్టే డబ్బు మూడో పద్దు. అందులో మిగుల్చుకుని, ఈ రెండు పద్దుల్లో పోగొట్టుకుంటున్నాం.

ఒక ఇంజిన్‌తో ట్యాక్సీయింగ్, అంటే నేల మీద విమానం నడపడం, గురించి కూడా చెబుతాను. ఇంధనం మిగులుతుందని అందరికీ తెలుసు. బ్రేకులకూ మేలని చాలామందికి తెలియదు. తేలికైన విమానం రెండు ఇంజిన్ల ఐడిల్ (కనిష్ఠ) థ్రస్ట్‌కే పరుగు అందుకుంటుంది, మాటిమాటికీ బ్రేకు తొక్కాలి. కార్బన్ బ్రేకులు ఎంత గట్టిగా తొక్కామన్న దానికంటే ఎన్నిసార్లు తొక్కామన్న దాన్ని బట్టే ఎక్కువగా అరుగుతాయి. ఒక ఇంజిన్ ఆపితే తొక్కుళ్లు తగ్గుతాయి.

హ్యాంగర్ దీపం

కెప్టెన్ గారు చెప్పిన దానికి ఒక హెచ్చరిక జోడిస్తాను. బయల్దేరేటప్పుడు రెండో ఇంజిన్‌ను ఆలస్యంగా వెలిగిస్తే, టేకాఫ్‌కు ముందు అది వేడెక్కడానికి రెండు నుంచి ఐదు నిమిషాలు ఇవ్వాలి, ఇంజిన్ రకాన్ని బట్టి. వరుస త్వరగా కదిలిందని చల్లటి ఇంజిన్‌కు పూర్తి శక్తి ఇస్తే, పొదుపు చేసినదంతా సీళ్ల రాపిడిలో పోతుంది. కొత్త ఇంజిన్లలో ఇంకో సమస్య. ఆపాక పైభాగం కిందిభాగం కంటే వేడిగా ఉండి రోటర్ (లోపల తిరిగే భాగం) కాస్త వంగుతుంది. వెలిగించే ముందు దాన్ని తిప్పుతూ సరిచేయాలి, దానికీ సమయం పడుతుంది. దిగాక ఒక ఇంజిన్ ఆపడం మాత్రం, మూడు నిమిషాలు చల్లారనిస్తే, దాదాపు ప్రతిచోటా మంచిదే.

కొత్తరెక్క

ఇవన్నీ చిల్లర పొదుపులు. పాత విమానాలు తీసేసి కొత్తవి కొనండి. ఎయిర్‌బస్ ఏ320నియో తరం ఇంజిన్లు ఇంధనాన్ని 15 శాతం తగ్గిస్తాయి. కొత్త యంత్రం కాబట్టి మరమ్మతులూ తక్కువే. చర్చ ఎందుకు?

కౌలు లెక్క

ఈ మాట నమ్మి చేతులు కాల్చుకున్నవాళ్లు ఎందరో ఉన్నారు. ఆ నియోకు వాడే ప్రాట్ అండ్ విట్నీ గేర్డ్ ఇంజిన్ 2016 జనవరిలో సర్వీసులోకి వచ్చింది. ఇంధనం విషయంలో మాట నిలబెట్టుకుంది. 2023 జులైలో మాతృసంస్థ ఆర్‌టీఎక్స్, డిస్కుల తయారీలో వాడిన లోహపు పొడిలో కల్మషం ఉందని ప్రకటించింది. వందల ఇంజిన్లు దింపాల్సి వచ్చింది. ఒక్కో ఇంజిన్ తిరిగి రెక్క ఎక్కడానికి 250 నుంచి 300 రోజులు పట్టవచ్చని వాళ్లే అంచనా వేశారు. ఎగరని విమానం ఇంధనం కాల్చదు, లీజు మాత్రం కట్టాలి.

తయారీ లోపాన్ని పక్కన పెట్టినా, ఇంధనం తక్కువ కాలాలంటే లోపల వేడి, పీడనం పెంచాలి. అవి పెరిగితే లోహం మీద భారం పెరుగుతుంది. డిజైన్ బల్ల మీదే ఆ రెండు పద్దులూ ఎదురెదురుగా కూర్చుంటాయి. కొత్త విమానం కొనవద్దనడం లేదు. మొదటి కొన్నేళ్ల మరమ్మతుల అంచనా తయారీదారు కరపత్రం నుంచి తీసుకోవద్దంటున్నాను.

హ్యాంగర్ దీపం

చిల్లర అన్నారు కాబట్టి ఒకటి చూపిస్తాను. పెద్ద తనిఖీలో క్యాబిన్ గోడ పలకలు విప్పినప్పుడు వెనుక ఇన్సులేషన్ దుప్పట్లు ఉంటాయి. చేతిలోకి తీసుకుంటే కొన్ని తడిసిన పరుపులా బరువుగా వేలాడతాయి, అంచు పిండితే నీళ్లు కారతాయి. ప్రయాణికుల ఊపిరిలోని తేమ చల్లటి లోహపు తొడుగుకు తగిలి నీరై, ఏళ్ల తరబడి అక్కడ చేరుతుంది. ఒక్క విమానంలో ఇది వంద కిలోలు దాటడం అరుదు కాదు. అన్ని ప్రయాణాల్లోనూ ఆ నీటిని మోస్తున్నాం, దానికి ఇంధనం కాలుస్తున్నాం. అదే నీరు కింద ఫ్రేములను తుప్పు పట్టిస్తుంది, తీగల కనెక్టర్లలో లోపాలు తెస్తుంది. ఆరబెడితే రెండూ తగ్గుతాయి.

చిరిగిన తలుపు సీలు, రెక్క ముందంచున సరిగ్గా మూసుకోని స్లాట్, ఇంజిన్ నుంచి గాలి తీసే బ్లీడ్ వాల్వ్ కారడం కూడా ఇంతే. పైలట్ రాసిన ‘ఈల శబ్దం వస్తోంది’ అన్న ఒక్క వాక్యం వెనుక ఇంధనం ఉంటుంది. భద్రతకు ముప్పు లేదు కాబట్టి ఆ పని వాయిదా పడుతుంది. ఆ వాయిదాకు ఎంత ఇంధనం కాలిందో రాసే గడి మా ఫారంలో లేదు.

తూర్పుగాలి

ఆ గడి గురించి రాత్రంతా ఆలోచించాను. పూర్తి థ్రస్ట్ విషయంలో నా లెక్క అసంపూర్ణం, ఒప్పుకుంటున్నాను. కొత్త ఇంజిన్ల విషయంలో మాత్రం రెండు పద్దులూ కలిసి తగ్గవన్న నా మాట మీదే ఉన్నాను.

సోమవారం ఒక పని మొదలుపెడుతున్నాను. విభాగాల వారీగా కాకుండా, తోక నంబరు (విమానం రిజిస్ట్రేషన్) వారీగా ఒక పట్టిక: ఒక్కో విమానానికి గంటకు కాలిన ఇంధనం, ఈజీటీ మార్జిన్, చివరిసారి కడిగిన తేదీ, ఏపీయూ గంటలు, వాయిదా పడిన పనులు. ముందు నాలుగు విమానాలతో. హ్యాంగర్ దీపం గారూ, ఇంకేం గడులు పెట్టాలి?

హ్యాంగర్ దీపం

తగ్గించిన థ్రస్ట్ సగటు ఎంతో పెట్టండి, ఇంజిన్ల సీరియల్ నంబర్లు విడిగా పెట్టండి. ఇంజిన్లు ఒక విమానం నుంచి ఇంకోదానికి మారుతుంటాయి. తోక నంబరు ఒక్కటే పట్టుకుంటే ఆరు నెలల్లో మీ పట్టిక తప్పుతుంది. నాలుగింటిలో ఒకటి బాగా పాతదై ఉండేలా చూడండి.