చేతికి ఫిట్‌నెస్ బ్యాండ్ కట్టుకోవడం వల్ల నిజంగా మేలుందా?

బోయినపల్లి బ్యాంకు ఉద్యోగిని:
నాకు 48 ఏళ్లు. గత నెల చేయించుకున్న రక్తపరీక్షలో మూడు నెలల సగటు షుగర్ 6.1 వచ్చింది. 5.7 నుంచి 6.4 వరకు ఉంటే దాన్ని మధుమేహానికి ముందు దశ అంటారనీ, ఇప్పుడే మందులు అవసరం లేదనీ, వారానికి కనీసం 150 నిమిషాలు చురుగ్గా నడవమనీ డాక్టరు గారు చెప్పారు. మా బ్రాంచిలో సగం మంది చేతికి, అడుగులు లెక్కపెట్టే ఫిట్‌నెస్ బ్యాండ్ కనిపిస్తుంది. రెండు వేలకూ దొరుకుతోంది, నలభై వేలకూ దొరుకుతోంది. నాలాంటి దానికి దీని మీద డబ్బు పెట్టడం వల్ల ఉపయోగం ఉంటుందా, లేక బూట్లు కొనుక్కుని నడవడం చాలా? వాడిన వారి అనుభవం తెలుసుకోవాలని ఉంది.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
బూట్లు కొనుక్కోండమ్మా. నేను ముప్పై ఏళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పి విరమించిన వాణ్ణి. ఉస్మానియా ఆర్ట్స్ కాలేజీ ముందు నుంచి రోజూ నడుస్తాను. రెండేళ్ల కిందట మా అబ్బాయి బ్యాండ్ పంపాడు. ఏ కొలమానాన్నయినా నమ్మే ముందు పరీక్షించడం నా అలవాటు కాబట్టి, ఒక రోజు తార్నాకలో ఆటో ఎక్కి సికింద్రాబాద్ స్టేషన్ దాకా చేతిని ఒళ్లో పెట్టుకుని కదలకుండా కూర్చున్నాను. దిగేసరికి బ్యాండ్‌లో 312 అడుగులు పెరిగాయి. ఆ మర్నాడు సూపర్ మార్కెట్లో తోపుడు బండి మీద చేతులు ఆనించి అరగంట తిరిగితే, వచ్చినవి 90 అడుగులు కూడా కాదు. నడవని అడుగులను కలిపి, నడిచిన అడుగులను వదిలేసే పరికరాన్ని కొలమానమని ఎలా అంటాం?

కొండాపూర్ డేటా:
మాస్టారూ, మీ ఆటో పరీక్షను నేను కాదనను. ఆ పరికరం చూసేది మణికట్టు ఊపును మాత్రమే కాబట్టి గతుకుల రోడ్డు దానికి నడకలాగే అనిపిస్తుంది. కానీ అడిగిన ప్రశ్న వేరు. కట్టుకున్న వాళ్లు ఎక్కువ నడుస్తున్నారా లేదా అన్నది ప్రశ్న. దీని మీద జరిగిన ఎన్నో అధ్యయనాలను కలిపి 2022లో లాన్సెట్ డిజిటల్ హెల్త్ అనే వైద్య పత్రికలో ఒక సమీక్ష వచ్చింది. కట్టుకున్న వారు రోజుకు సుమారు 1,800 అడుగులు ఎక్కువ వేశారని, బరువు సుమారు ఒక కిలో తగ్గిందని అందులో తేలింది. మా ఇంట్లోని కాటా అరకిలో ఎక్కువ చూపిస్తుంది. అయినా నెల నెలా నా బరువు పెరుగుతోందో తగ్గుతోందో చెప్పడానికి అది సరిపోతుంది.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
మీ కాటా పోలిక ఇక్కడ నప్పదు. కాటా ఎప్పుడూ అరకిలోనే ఎక్కువ చూపిస్తుంది కాబట్టి ఆ తప్పును తీసేసి చూడవచ్చు. బ్యాండ్ తప్పు ఒక రోజు కలుపుతుంది, ఇంకో రోజు తీసేస్తుంది. ఆటోలో వెళ్లిన రోజు, వెళ్లని రోజు అడుగులను పక్కపక్కన పెట్టి ఎలా పోలుస్తారు? ఇక రోజుకు పదివేల అడుగులు వేయాలని ఈ బ్యాండ్‌ల వాళ్లు చెప్పే లక్ష్యం సంగతి. అది వైద్యశాస్త్రం నుంచి వచ్చిన మాట కాదు. టోక్యో ఒలింపిక్స్ జరిగిన మరుసటి ఏడు, 1965లో, జపాన్‌లో ఒక సంస్థ 'మాన్‌పో-కే' అనే అడుగుల మీటరును అమ్మకానికి పెట్టింది. ఆ పేరుకు అర్థమే పదివేల అడుగుల మీటరు. అరవై ఏళ్ల కిందటి ఆ వ్యాపార ప్రకటనను మనం చేతికి కట్టుకుని తిరుగుతున్నాం.

అంబర్‌పేట డెలివరీ:
నేను రోజంతా అపార్ట్‌మెంట్ల మెట్లు ఎక్కి దిగేవాణ్ణి. నాకు అడుగులు లెక్కపెట్టుకునే అవసరం ఎప్పుడూ రాలేదు కానీ, బైకు మీద తిరిగితే బ్యాండ్‌లో అడుగులు పెరుగుతాయన్నది మాత్రం నిజం.

కొండాపూర్ డేటా:
పదివేల సంగతి ఈ రంగంలో అందరికీ తెలిసిందే. సగటున 72 ఏళ్ల వయసున్న స్త్రీల మీద అమెరికాలో జరిగిన అధ్యయనం 2019లో వచ్చింది. రోజుకు 2,700 అడుగులు వేసే వారి కంటే 4,400 అడుగులు వేసే వారిలో మరణాలు తక్కువగా ఉన్నాయనీ, సుమారు 7,500 దాటాక అదనపు మేలు పెద్దగా కనిపించలేదనీ అందులో తేలింది. అంటే పదివేలు తప్పయినా, లెక్కపెట్టడం తప్పు కాదు. నిజానికి ఈ అధ్యయనంలో అడుగులు లెక్కపెట్టింది కూడా ఒంటికి కట్టుకునే పరికరమే.

కార్డియాక్ వార్డు నర్సు:
అక్కా, అడుగుల గొడవ పక్కన పెట్టి ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి. ఈసీజీ తీయగల ఖరీదైన వాచీలు గుండె లయ తప్పడాన్ని కొన్నిసార్లు పట్టుకోగలవు కానీ, గుండెపోటును పట్టుకోలేవు. ఆసుపత్రిలో మేము పన్నెండు కోణాల నుంచి చూసే దాన్ని వాచీ ఒక్క కోణం నుంచే చూస్తుంది. ఛాతీలో బరువుగా ఉన్నా వాచీలో అంతా సవ్యంగా ఉందని కనిపించడంతో, రాత్రంతా ఇంట్లోనే ఉండి తెల్లవారాక వచ్చిన మనిషిని నేను చూశాను. ఆయన భార్య వార్డు బయట ఆ వాచీని చేతిలో పట్టుకుని కూర్చున్న తీరు నేను మరిచిపోలేను. ఛాతీలో నొప్పి వస్తే వాచీ వైపు చూడకండి, 108కి ఫోన్ చేయండి.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
నర్సమ్మ చెప్పిన మాట బంగారం లాంటిది. నాడి వేగం వరకు పరికరం పనితీరును నేను తప్పు పట్టను. పచ్చటి కాంతిని చర్మం మీదికి పంపితే రక్తం దాన్ని పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరుగుతుంది కాబట్టి తిరిగి వచ్చే కాంతి తగ్గుతుంది. కదలకుండా కూర్చున్నప్పుడు ఆ లెక్క బాగానే వస్తుంది. కేలరీల లెక్క దగ్గరే అసలు మోసం. 2017లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఏడు పరికరాలను పరీక్షిస్తే, ఖర్చయిన శక్తి విషయంలో అన్నిటికంటే మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చూపింది. ఎనిమిది వందలు కరిగాయని నమ్మి రెండు బొబ్బట్లు తినే మనిషికి మేలు జరుగుతుందా, కీడు జరుగుతుందా? 2016లో వచ్చిన ఒక అమెరికా అధ్యయనంలో బరువు తగ్గాలనుకునే 471 మంది యువతీ యువకులను రెండేళ్లు గమనించారు. పరికరం కట్టుకున్న వారు సగటున 3.5 కిలోలు తగ్గితే, అది లేకుండా తమ వ్యాయామాన్ని తామే నమోదు చేసుకున్న వారు 5.9 కిలోలు తగ్గారు. దీనికి సమాధానం చెప్పండి.

కొండాపూర్ డేటా:
చెబుతాను. అందులో రెండు వర్గాల వారికీ ఆహార నియమం, సలహాదారులు, ఫోన్ పలకరింపులు ఉన్నాయి. అలాంటి తోడు లేని మన బోయినపల్లి అక్కకు ఆ ఫలితాన్ని యథాతథంగా అంటగట్టడం సరికాదు. పైగా మీరు మీకు అనుకూలమైన ఒక్క అధ్యయనాన్ని పట్టుకుని, దాని తర్వాత వచ్చిన సమీక్షను చూడనట్టే ఊరుకుంటున్నారు. మాస్టారూ, పెద్దవారని గౌరవంతోనే అంటున్నాను, మీకు కావలసింది ఆ అక్క ఆరోగ్యం కాదు, వాదనలో నెగ్గడం.

హిమాయత్‌నగర్:
ఇద్దరూ కాస్త నెమ్మదించండి. అడిగిన ఆవిడకు మీ మాటల్లో ఏమీ దొరకడం లేదు.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
నెగ్గడం నాకెందుకమ్మా? పోయిన ఆషాఢంలో వరంగల్‌లో మా బావమరిది పోయాడు. చిన్నప్పటి నుంచి నాతో కలిసి పెరిగిన వాడు. తెల్లవారుజామున వెళ్లి, సాయంత్రం తీసుకెళ్లేదాకా ఆయన పక్కన నేల మీదే కూర్చున్నాను. ఆ రాత్రి తొమ్మిదింటికి డల్లాస్ నుంచి మా అబ్బాయి ఫోన్ చేశాడు. వాడి ఫోన్‌కు నా లెక్కలన్నీ వెళ్తాయి. "నాన్నా, ఇవాళ నాలుగు వందల అడుగులేనా, ఇలా అయితే ఎలా?" అని మొదలుపెట్టి పది నిమిషాలు మాట్లాడాడు. ఎక్కడున్నావని అడగలేదు. నేనూ చెప్పలేదు. మర్నాడు వాళ్లమ్మ చెబితే తెలిసింది వాడికి. అప్పటి నుంచి ఆ అంకెల్లో ఎక్కడ తప్పుందా అని వెతుకుతూనే ఉన్నాను. అందుకే ఆటో ఎక్కాను.

కొండాపూర్ డేటా:
మాస్టారూ, అన్న మాటకు క్షమించండి. నా సంగతి కూడా వినండి. మా అమ్మ ఒంగోలులో ఒక్కతే ఉంటుంది. బ్యాండ్ నేనే కట్టించాను. ఏడాది కిందట ఒక ఉదయం ఆఫీసు బస్సులో ఉండగా చూస్తే 5:40 తర్వాత ఒక్క అడుగూ లేదు. అమ్మ ఆ వేళకు ముగ్గు వేసి, పాలు తెచ్చుకుని, పూలు కోస్తూ ఉండాలి. నాలుగుసార్లు ఫోన్ చేసినా ఎత్తకపోతే పై వాటా వాళ్లను పంపాను. గడియ విరగ్గొట్టి లోపలికి వెళ్లారు. స్నానాల గది గుమ్మంలో పడిపోయి ఉంది, తుంటి ఎముక విరిగింది. ఆ రోజు నేను ఆ తెర చూడకపోతే ఎంతసేపు అలా ఉండేదో తలుచుకోలేను. అది ఆటోలో అడుగులు కలుపుతుందో లేదో నాకు అనవసరం.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
అమ్మ ఇప్పుడు నడుస్తోందా తల్లీ? భగవంతుడు చల్లగా చూశాడు. ఆ రోజు ఆ పరికరం చేసిన మేలును నేను కాదనలేను. కానీ రోజూ ఉదయం ఏడింటికి ఒక ఫోన్ చేసే అలవాటు ఉంటే ఆ సంగతి ఫోనులోనే తెలిసేది కదా.

కొండాపూర్ డేటా:
వాకర్ పట్టుకుని నడుస్తోంది. ఫోన్ రోజూ చేస్తాను మాస్టారూ. నూట రెండు జ్వరం ఉన్న రోజు కూడా "బాగానే ఉన్నానమ్మా, నువ్వు తిన్నావా?" అంటుంది. నన్ను బాధపెట్టకూడదని అమ్మ దాస్తుంది, బ్యాండ్ దాచదు.

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
నేను ఇన్నాళ్లూ సరిగ్గా చెప్పలేకపోయింది అదే. బాగానే ఉన్నానని అనే హక్కు మాకు ఉండాలి. బిడ్డకు ఏది చెప్పాలో, ఏది చెప్పకూడదో డెబ్బై ఏళ్ల మనిషి తనకు తానే నిర్ణయించుకోకూడదా? మీ అమ్మ ఆ మాట అబద్ధమాడాలని అనలేదు, నీకు తల్లిగా ఉండాలని అంది. నేను ఆ రోజు వరంగల్‌లో ఉన్న సంగతి ఎప్పుడు చెప్పాలో, ఎలా చెప్పాలో ఆలోచించుకుంటున్నాను. అంతలో ఆ అంకె నా కంటే ముందు వెళ్లి నా గురించి చెప్పేసింది, అదీ తప్పుగా.

కొండాపూర్ డేటా:
ఈ మాటతో నేను ఏకీభవించలేను. గుమ్మంలో పడి ఉన్న అమ్మను చూశాక ఏకీభవించలేను. కానీ బ్యాండ్ కట్టించేటప్పుడు, లెక్కలు నా ఫోన్‌కు వస్తాయని అమ్మకు చెప్పానా లేదా అని గుర్తు చేసుకుంటున్నాను. చెప్పినట్టు గుర్తు లేదు. ఈ ఆదివారం వెళ్లినప్పుడు అడుగుతాను.

బోయినపల్లి బ్యాంకు ఉద్యోగిని:
అందరికీ నమస్కారం. రెండు వేల రూపాయల బ్యాండ్ ఒకటి కొంటున్నాను. కేలరీల లెక్క చూడను. వారానికి 150 నిమిషాలు నడిచానా లేదా అన్నది మాత్రం చూసుకుంటాను. మూడు నెలల తర్వాత రక్తపరీక్ష చేయించుకుని ఇక్కడే రాస్తాను. మా అమ్మాయి బెంగళూరులో ఉంది. తన ఫోన్‌కు కలపాలా వద్దా అన్నది ఇంకా తేల్చుకోలేదు. మాస్టారూ, మీరు మీ బ్యాండ్ తీసేశారా?

తార్నాక ఫిజిక్స్ మాస్టారు:
తీయలేదమ్మా. వాడు ప్రేమతో పంపిందే కదా. లెక్కలు వాడి ఫోన్‌కు వెళ్లకుండా మొన్న ఆపించాను, పక్కింటి కుర్రవాడు చేసి పెట్టాడు. ఆపుతున్నానని వాడికి ముందే ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మాట్లాడలేదు, తర్వాత బావమరిది గురించి అడిగాడు. గంట దాకా మాట్లాడుకున్నాం. ఇవాళ ఆటోలో మళ్లీ చూశాను, 298 వచ్చాయి.